తమ్ముడి గదిలోకి రాబోయే తుపాకీ

శుక్రవారం రాత్రి, అల్ రయ్యాన్

ఉదయం రోజూలాగే మొదలైంది. దీపం పెట్టుకుని, నేను వంట చేసే అరబ్బు యజమాని ఇంటివాళ్లకు పాల టీ కాచాను. బండి మీది ఇసుక తుడుస్తున్న తమ్ముడు శ్రీను వంటింటి కిటికీలోంచి కప్పు చాపాడు.

"అక్కా, చక్కెర కాస్త ఎక్కువెయ్యవే."

తాగుతూ సంబరంగా చెప్పాడు. ఊరవతల ఉమ్ సలాల్‌లో ఉన్న తన తోటలో మేకల మీద పడే కుక్కల కోసం, మేం బాబా అని పిలిచే యజమాని తుపాకీ కొంటున్నాడట. దుకాణంలో చూసిన రెండు తుపాకుల్లో ఏది మంచిదని వీణ్ణే అడిగాడట.

"కింద లివర్ లాగి పేల్చే పొట్టిది తీసుకోమన్నా. బాబా రివాల్వర్ తూటాలే దానికీ పడతాయి. రెండు రకాలు కొనక్కర్లేదు కదా. ఆయన తెగ మెచ్చుకున్నాడు."

"దాన్ని ఉంచేదెక్కడ?"

"తోటలో, నా గదిలోనే. రాత్రిళ్లు అక్కడ పడుకునేది నేనేగా."

లైసెన్సు ఆయనది. తుపాకీ మాత్రం పరాయి దేశపు డ్రైవరు మంచం కింద. పోలీసులు చూస్తే జైలుకెళ్లేది వీడే... చీకట్లో ఏ మనిషికో తగిలితే? మధ్యాహ్నం జపంలో కూర్చున్నా మనసు నిలవలేదు.

సాయంత్రం శ్రీనును పక్కన కూర్చోబెట్టుకుని, మా ఊళ్లో ఉన్న వాడి భార్య లక్ష్మికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి అంతా చెప్పాను.

"మీరెళ్లింది బండి తోలడానికా, తుపాకీ పేల్చడానికా? మన పెళ్లిలో టపాకాయలకే చెవులు మూసుకున్నారు," అంది మొగుడితో.

శ్రీను నవ్వలేదు. తుపాకీ తన దగ్గరే ఉంచుకుంటానని బాబాకి మాటిచ్చానని గొణిగాడు. చివరికి ముగ్గురం ఒక మాట మీదకు వచ్చాం. రేపు పొద్దున్నే యజమాని భార్యతో నేనే మాట్లాడాలి. తుపాకీ వాళ్లింట్లోనే తాళంలో ఉండాలి. కుదరదంటే అక్కాతమ్ముళ్లిద్దరం పని మానేసి ఇంటికి వెళ్లిపోవాలి.