మీరు చెప్పే జ్వరం

అత్తయ్యా,

మీ అబ్బాయికి బందరులో ఉద్యోగమొచ్చింది. అది రక్షణ శాఖకు పరికరాలు చేసే ఫ్యాక్టరీ కాబట్టి, పోలీసు విచారణ అయ్యాకే లోపల అడుగు పెట్టనిస్తారట. పోయిన నెల మన గుడివాడ ఇంటికి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు.

"మీ ఆయనకి తాగుడు అలవాటుందామ్మా?" అని నన్నే అడిగాడు.

ఆయన తాగి పడుకున్న రోజుల్లో ఎవరొచ్చినా, "మావాడికి జ్వరం" అని మీరు గుమ్మంలోంచే పంపేసేవారు. నా నోటిదాకా కూడా అలాంటి అబద్ధమే వచ్చింది. ఈలోగా ఆయనే బయటికొచ్చి, "తాగేవాణ్ణండీ. అమ్మ పోయాక ముట్టలేదు" అన్నారు.

ఇంక ఉద్యోగం రానట్టే అనుకున్నాను. కానిస్టేబుల్ పక్కింటి పిన్నిగారినీ అడిగాడు.

"వాళ్ళమ్మ జ్వరమని చెప్పేది పాపం, మేమూ నమ్మినట్టే ఉండేవాళ్ళం. ఇప్పుడు మానేశాడండీ, అది మాత్రం నిజం" అందావిడ.

"మానేశాక ఇబ్బందేం లేదమ్మా. దాచిపెట్టుంటే మాత్రం వద్దని రాసేవాణ్ణి" అని చెప్పి కానిస్టేబుల్ వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున ఆయనకి నిజంగానే ఒళ్ళు కాలిపోతోంది. సెలవు పెట్టమన్నాను. "జ్వరమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అంటూ బందరు బస్సెక్కేశారు.

మీరుంటే ఈసారి నిజమే చెప్పేవారు, అత్తయ్యా.