గాజు గిన్నెలో నా పేరు

కిర్క్‌వాల్, బుధవారం

అమ్మా, జెస్సీ పిన్ని ఇంట్లో క్షేమంగా ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

జ్యూరీకి రమ్మంటే హడలిపోయాను గానీ, రెండు రోజులూ కోర్టు కిటికీలోంచి పొగమంచులో తేలే రేవును చూస్తూ కూర్చోవడమే సరిపోయింది. ఈ ఉదయం గుమాస్తా మా పేర్ల చీటీలను గాజు గిన్నెలో వేసి కలిపాడు. అచ్చం మన ఊరి హాల్లో నువ్వు లాటరీ తీసే గిన్నె లాంటిదే. ఎండ పడి చీటీలు చేపపొలుసుల్లా మెరుస్తుంటే ఎక్కడున్నానో మరిచిపోయాను. "మైసీ డ్రెవర్!" అని పిలవగానే "నాదే, నాదే!" అంటూ పరుగున అతని బల్ల దగ్గరికి వెళ్లి, బహుమతి కోసం చెయ్యి చాపాను.

"ఇక్కడ ఇచ్చేదేం లేదమ్మా, అటెళ్లి కూర్చో" అన్నాడు.

కోర్టంతా గొల్లున నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది బోనులోని ముద్దాయి. అచ్చం నాన్నలాగే, భుజాలు ఊగిపోయేలా నవ్వాడు.

తర్వాత జ్యూరీకి చీటీ వచ్చిన పదిహేనుమందిమీ కుడిచెయ్యెత్తి ప్రమాణం చేశాం. ఇక కేసు సంగతి అడగకు, చెప్పకూడదు. తోరా, టపా పంచుతూ దారిలో ఇది విప్పి చదువుతున్నావని తెలుసు, నువ్వూ అడగకు.

నల్లమూతి గొర్రె ఈనిందా? నా ఊలు మేజోళ్లు శుక్రవారం పడవలో పంపు, కోర్టు బల్లల మీద కూర్చుంటే చలికి కాళ్లు కొంకర్లు పోతున్నాయి.

నాన్నను అడిగానని చెప్పు. తీర్పు అయ్యేదాకా మాత్రం ఆయన నవ్వు నాకు గుర్తు రాకూడదని ప్రార్థించు.

నీ మైసీ