ఎర్ర బటను కింద స్టూలు

గౌరవనీయులైన భవన నిర్వహణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: యూపీఎస్ గదిలోని ఎర్ర బటనుకు కంట్రోలు వైరు కలిపించుట, మా అన్నను స్టూలు మీద నుండి లేపించుట గురించి.

తమ భవనంలో యూపీఎస్ కంట్రోలు వైరింగు చేసిన అన్నదమ్ములలో నేను చిన్నవాడిని. ఈ దిగువ సంగతులు మనవి చేసుకుంటున్నాను.

1. బయటి కరెంటు ఆపినా యూపీఎస్ పెట్టెలో బ్యాటరీల కరెంటు ఉంటుంది. తలుపు పక్కనున్న ఎర్ర బటను నొక్కితే రెండూ ఆగాలి. అందుకు కావలసిన వైరు మా అన్నే లాగి కలిపాడు. ప్రారంభోత్సవానికి ముందు తమరు విచ్చేసి, "ఎవడైనా చెయ్యి తగిలించాడంటే పెద్దల ముందు నా పరువు పోతుంది. ఆ వైరు విప్పెయ్" అని సెలవిచ్చారు. "తర్వాత కలిపేద్దామా సార్?" అని అన్న అడిగాడు. "నీకంత తొందరేంటయ్యా?" అన్నారు.

2. ప్రారంభోత్సవం ముగిసింది. వైరు కలపాలంటే యూపీఎస్ ఆపాలి. ఆపడానికి తమ అనుమతి రాలేదు. లోపల ఏదో వదులైందని, నడుస్తుండగానే బిగించమని తమరు పురమాయించగా అన్న చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అంటుకుపోయింది. నేను ఎర్ర బటను నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. వైరు లేదని నాకు తెలుసు, అయ్యా. తెలిసే నొక్కాను. చివరికి కర్ర నిచ్చెనతో తోసి విడిపించాను. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

3. తమరు దయతలచి అన్నకు కొలువిచ్చారు. బటను కింద స్టూలు వేసుకుని కూర్చొనుట, లోపలివాడికి ప్రమాదం జరిగినచో కేక వేయుట, ఆ కేక విని కింది అంతస్తు మనిషి అక్కడున్న బ్యాటరీలు ఆపుట. "వైరు కన్నా వీడే నయం, ఎలకలు కొరకవు" అని తమరు అనగా అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఇప్పుడు ఆయన పేరు సైరన్. తనిఖీకి వచ్చినవారి ముందు కేక వేయించి చూపుతున్నారు. "ఇంకాస్త గట్టిగా" అంటారట.

4. ఇంట్లో గిన్నె జారిపడినా అన్న కేక వేస్తున్నాడు. "ఇక్కడ మీకు డ్యూటీ లేదండీ" అని వదిన అనేసి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కావున యూపీఎస్ కాసేపు ఆపించి, వైరు కలపనిచ్చి, అన్నకు మనిషి చేసే పని ఏదైనా ఇప్పించవలసిందిగా ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
వైరింగు పనివాడు

తా.క.: అన్న ఇది చదివాడు. "వైరు కలిపేస్తే ఇక నేనెందుకురా వాళ్లకి?" అన్నాడు. వేరే పని ఇస్తారులే అన్నాను. "ఒంటిచేతి వాడికా?" అన్నాడు. కావున నా కోరిక వెనక్కు తీసుకుంటున్నాను. రాసింది చింపడానికి మనసొప్పక పంపుతున్నాను. వైరు అలాగే ఉండనివ్వండి.

లోపల మళ్లీ వదులైందని, నడుస్తుండగానే బిగించాలని తమ కబురు ఇప్పుడే అందింది. వస్తున్నాను. గొంతు సవరించుకొమ్మని అన్నకు చెప్పాను.