ఆవిరి గూటిలో దాచిన అతిథి

కుచుమతానెస్ కొండల పర్యాటక అధికారి వారి సముఖమునకు, షిక్సోల్ గ్రామ నివాసిని ఫెలిసియానా మాతోమ్ సెతో అనే నేను వ్రాయించుకొన్న మనవి.

అయ్యా,

విషయం: అతిథిని నిర్బంధించినాననే ఫిర్యాదుపై మా గ్రామంలో ఇళ్లలో బస ఇచ్చే అనుమతులు నిలిపివేయుట – పునఃపరిశీలన కోరుట – పేర్లు అడుగవద్దని ప్రార్థించుట గురించి.

తమరి ఉత్తర్వు అందినది. నాకు స్పానిష్ చదవడం రాదు. నేను మా కొండవాళ్ల ఇషిల్ భాషలో చెబుతుంటే పట్నంలో కచేరీ అరుగు మీద అర్జీలు రాసే పెద్దమనిషి దీన్ని రాస్తున్నారు. హాలండు దేశస్థురాలు మారిట్ అనే అమ్మాయి నా మీద నాలుగు ఆరోపణలు చేసిందని ఆయనే చదివి వినిపించారు. నాలుగూ నిజమే. ఎందుకు నిజమయ్యాయో చెప్పుకోవడానికే ఈ అర్జీ.

1. ఆమెను ఆవిరి గూటిలోకి తోసి తలుపు మూసిన మాట.

సదరు అమ్మాయి మబ్బుల అడవి చూడటానికి, నడుముకు కట్టుకుని నేసే మగ్గం నేర్చుకోవడానికి వచ్చి మా ఇంట్లో దిగినది. ఎర్రజుట్టు, మంచి పిల్ల. సంత రోజున మిరపకాయలు అమ్మే ఒకామె కూతుర్ని ఆడించింది, ఫొటోలు తీసింది, చంకనెత్తుకుని కుళాయి దాకా వెళ్లి మొహం కడిగింది. అందరూ చూశారు. మధ్యాహ్నానికి ఆ పసిది కనబడలేదు. మేనత్త వెంట పికప్ బండిలో పక్క ఊరు వెళ్లిందని సాయంత్రానికి గాని తెలియలేదు. ఈలోగా ఎర్రజుట్టుది పిల్లను ఎత్తుకుపోయిందన్న మాట సంతలో పుట్టింది. చర్చి గంట మోగేసరికి ఊరంతా పాకింది.

మేం మూఢులమని తమరు అనుకోవచ్చు. యుద్ధం రోజుల్లో మా కొండల్లో పిల్లలు నిజంగానే పోయారయ్యా. సైనికులు ఎత్తుకెళ్లిన పిల్లలు ఎక్కడ పెరిగారో, అసలు ఉన్నారో లేదో నేటికీ తెలియని తల్లులు మా వీధిలోనే ఉన్నారు. అలాంటి తల్లికి పిల్ల కనబడలేదన్న మాట ఒక్కటి చాలు.

మా సందు మొదట్లో కొడవళ్లు కనిపించాయి. ఒకతని చేతిలో పెట్రోలు డబ్బా ఉంది. అమ్మాయి పెరట్లో మగ్గం ముందు కూర్చుని ఉంది. చెయ్యి పట్టి లాక్కుపోయి, మేం ఆవిరి స్నానం చేసే మట్టి గూటిలోకి తోశాను. ఆమెకూ నాకూ కలిసి తెలిసిన మాటలు నాలుగైదు: రొట్టె, కాఫీ, చలి, బాగుంది. నిన్ను చంపడానికి వస్తున్నారని చెప్పే మాట మేం నేర్చుకోలేదు. ఆమె కేక పెట్టబోతే నోరు నొక్కాను. తలుపు మూసి దాని ముందు కట్టెలు పేర్చాను.

2. ఫోను లాక్కున్న మాట.

తలుపు మూయబోతుండగా అది పాట పాడటం మొదలుపెట్టింది. ఎలా ఆపాలో నాకు తెలియదు. సున్నపు నీళ్లలో మొక్కజొన్నలు నానేసిన కుండ పక్కనే ఉంది, అందులో పడేశాను. ఇందుకు ఏ శిక్ష విధించినా సమ్మతమే.

3. ఆమె లోపల ఏడుస్తుండగా నేను బయట మగవాళ్లతో నవ్విన మాట.

ఇది వినేటప్పుడు రాసే ఆయన తలెత్తి నా వంక చూశారు. తమరూ అలాగే చూస్తారు. కాని నవ్వకపోతే నా మొహం వాళ్లకు తెలిసిపోయేది.

పెరడు నిండా జనం. అందరూ నా చేతి రొట్టె తిన్నవాళ్లే. "ఏదీ వదినా నీ దొరసాని?" అన్నాడొకడు. సంత నుంచే కొండెక్కిపోయిందన్నాను. "ఎందుకు, నీకు సంబంధం చూడమంటావా?" అని కూడా అన్నాను. కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. అడిగినవాడు వచ్చి ఆ కట్టెల మోపు మీదే కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను.

ఈలోగా గది వెతికినవాళ్లు ఆమె సంచి పట్టుకొచ్చారు. పోయిందన్నావు, సంచి ఇక్కడే ఉందేమని నిలదీశారు. "పిల్లను ఎత్తుకుపోయేది సంచి వదిలేసి పోతుందా? బుద్ధి ఉందా మీకు?" అన్నాను. వాళ్లు సంచి తలకిందులు చేసి చూస్తుండగా లోపల ఆమె వెక్కింది. నేను గబగబా రొట్టెలు చరచడం మొదలుపెట్టి, ఏదో తలుచుకున్నట్టు పగలబడి నవ్వాను.

గుంపుకు ముందు నడిచి వచ్చింది ఒక పెద్దావిడ. ఆమె మూడేళ్ల కూతురు యుద్ధంలో పోయింది. ఆమె ఆ గూటి గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసింది. కట్టెల్ని చూసింది. పెట్రోలు డబ్బావాడు ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తున్నాడు. గోడ మీంచి చెయ్యి తీసి, "ఇక్కడ లేదు. కొండదారి పట్టండి" అంది. అందరూ ఆమె వెనకే వెళ్లిపోయారు. ఆమెకు ఏడుపు వినిపించిందో లేదో నేను అడగలేదు.

4. బట్టలు విప్పించి వేరేవి కట్టించిన మాట.

పసిది ఇంటికి చేరినా మగవాళ్లు దారి కాస్తూనే ఉన్నారు. తప్పు తమదని తేలాక మనిషికి కోపం ఇంకా ఎక్కువవుతుంది. అందుకని తెల్లవారేదాకా తలుపు తీయలేదు. తర్వాత నా ఎర్ర పావడా కట్టి, జుట్టు కనబడకుండా తలకు గుడ్డ చుట్టి, మొక్కజొన్న చేలలోంచి రోడ్డు దాకా నడిపించి పట్నం బండి ఎక్కించాను. ఆమె నా చెయ్యి విదిలించుకుంది. ఆ పిల్లను నేను తప్పుపట్టను.

ఇక తమరి ఉత్తర్వు సంగతి. గుంపు వచ్చిందని తమరూ విన్నారట; ఆ మాట నిజమైతే వారి పేర్లు గురువారం విచారణలో ఇవ్వవలెను, లేనిచో ఊరి అనుమతులన్నీ రద్దని అన్నారు. అతిథులు రాక మా ఊళ్లో బస ఇచ్చే ఇళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇరుగుపొరుగు నన్ను నిలేస్తున్నారు, నీ వల్లే మా పొట్ట కొట్టారంటున్నారు. అలా అనేవాళ్లలో ఆ రోజు నా పెరట్లో నిలబడ్డవాళ్లూ ఉన్నారు. అతిథి నా మీద ఫిర్యాదు చేసిందనే తప్ప ఎందుకో వాళ్లకు తెలియదు. నిజం చెబితే అబద్ధమాడి పరాయిదాన్ని దాచానంటారు. తమరికి పేర్లు చెబితే వాళ్లు జైలుకు పోతారు, వాళ్ల పెళ్లాల మధ్య నేను బతకాలి. ఎటు తిరిగినా నాకు గోడేనయ్యా.

కావున మా ఇంటి అనుమతి శాశ్వతంగా రద్దు చేసి, మిగతా ఇళ్లు తెరిపించవలెనని, పేర్లు మాత్రం నన్ను అడుగవద్దని కోరుచున్నాను. ఈ నాలుగు మాటలూ తమరు తీరిక చేసుకొని, కోపం పక్కన పెట్టి చిత్తగించవలెను.

ఇట్లు,
అన్ని విషయాల్లో విధేయురాలు, పేర్ల విషయంలో కాదు,
ఫెలిసియానా మాతోమ్ సెతో (వేలిముద్ర)

తాజా కలము: వేలిముద్ర వేశాక ఇది రాయించవలసి వచ్చింది. నేను పైన చెప్పిన పెద్దావిడ ఇప్పుడే అరుగు దగ్గరికి వచ్చింది. నేను పట్నం వచ్చానని తెలిసి మోకాళ్ల నొప్పితో కొండ దిగి వచ్చింది. రాసే ఆయన పక్కన కూర్చుని, "నా ఒక్కదాని పేరు రాయి బాబూ. గుంపును తెచ్చింది నేను. మిగతావాళ్లు నా మాట మీద వచ్చారు" అంది. నేను వద్దన్నాను. వినలేదు. ఆ పేరు హసింతా మాతోమ్ సెతో. నా తోడబుట్టిన అక్క. గురువారం ఇద్దరం వస్తాం.

ఆ రోజు నీకు వినిపించిందా అక్కా అని ఇందాకే అడిగాను. "విన్నానే" అంది. "పిల్ల ఏడుపు నాకు తెలియదా?"