కుడికాలి గేరు

జగ్గయ్యపేట

అమ్మా, నాన్నగారు పోయిన రోజు మునేరు వంతెన మీద బ్రేకనుకుని గేరు తొక్కారా? వెనక కూర్చున్నది నువ్వే. ఇన్నేళ్లూ అడగలేకపోయా. ఆయన పాత బుల్లెట్‌కి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆ రోజు ఆయన తోలిన బాబాయి కొత్త బండికి అవి తారుమారు కదా.

ఇప్పుడు ఆ బుల్లెట్‌నే బాగుచేసుకుని మన అక్షయ ఆదివారం నందిగామలో పాత బండ్ల పందేనికి దిగుతోంది. కొత్త బండ్ల మీద నేర్చిన పిల్ల. నిన్న కుక్క అడ్డొస్తే బ్రేకనుకుని కుడికాలితోనే తొక్కింది. బండి ఆగక గోడకి గుద్దింది. దెబ్బ తగల్లేదులే. “కంగారులో కాలు మర్చిపోయిందమ్మా, పందెంలో గుర్తుంటుందిలే” అని నవ్వింది.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? నీ దీవెన కోసం అక్షయ శనివారం పెనుగంచిప్రోలు నీ దగ్గరికి వస్తుంది, ఎండుమిర్చి దానికిచ్చి పంపు. తాతయ్య సంగతి చెబితే జాగ్రత్తపడుతుందో, ఆ భయానికే కాలు తప్పుతుందో. నిన్ను చెప్పమనాలో వద్దనాలో నాకింకా తేలడం లేదు.

నీ నాగశ్రీ