పార్ట్‌నర్ సంతకం

మంగళవారం రాత్రి, సీతాఫల్‌మండి

చదువుకుని నాకు పొగరెక్కిందట. బోయిన్‌పల్లి మార్కెట్లో అన్న పెట్టబోయే ఉల్లిగడ్డల దుకాణంలో నన్ను పార్ట్‌నర్‌ని చేస్తూ నాన్న కాగితాలు రాయించుకొచ్చాడు. నేను అన్నం తింటుంటే కంచం పక్కన పెట్టాడు.

"దుకాణం మునిగితే అప్పులోళ్లు నా మీదికి సుత వస్తరు నాన్నా. యూనివర్సిటీల గిదే చెప్పిండ్రు," అన్నాను.

"షురూ కాకముందే మునుగుడేందే? నిన్ను ఎం.కాం. చదివిచ్చింది గిందుకేనా?"

అన్న తలెత్తలేదు. వాడి సెల్‌ఫోన్ల షాపు మూతపడ్డప్పుడు అమ్మ గాజులు అమ్మేశాం.

"సంతకం పెట్టు బిడ్డా, వాడు నీ అన్ననే గదా," అంది అమ్మ, బోసి చేతులతో పెరుగు వడ్డిస్తూ. ఆ చేతులు చూసి పెన్ను తీసుకోబోయి ఆగాను. ఇంకోసారి అడిగితే పెట్టేస్తానేమో...

లేదు. సంతకం పెట్టను.