ఖాళీ గడిలో వేసిన సున్నా

పాఠశాలల ఫలితాల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వినికిడి లోపం గల మా అమ్మాయి ఫలితమును బడి గేటుకు అంటించిన పట్టిక నుండి తొలగించుట, ఆమెను తిరిగి బడిలో చేర్చుకొనుట గురించి.

మోటార్లకు వైండింగ్ చేసుకుని బతుకుచున్న నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా అమ్మాయికి పదేళ్లు. పుట్టుకతో వినపడదు. ఎదుటివారి పెదవులు చూసి మాట గ్రహిస్తుంది. ఐదో తరగతి లెక్కల్లో మొదటి ముగ్గురిలో ఉండేది. వార్షిక పరీక్షలో డిక్టేషన్ పెట్టినారు. టీచరమ్మ బెంచీల మధ్య తిరుగుతూ చదివినారు. ఆవిడ అటు తిరిగితే పెదవులు కనపడవు. అమ్మాయి కాగితం తెల్లగానే ఇచ్చేసింది.

2. ఇటువంటి పిల్లలకు ఆ పరీక్ష నుండి మినహాయింపు ఉన్నదని టీచరమ్మే తర్వాత తెలుసుకుని, మార్కుల గడి ఖాళీగా వదిలినారు. అయితే తమ నిబంధన ప్రకారం కంప్యూటరు ఖాళీ గడిని స్వీకరించదట. గడువు ఆ సాయంత్రమే. గుమాస్తా గారు సున్నా వేసి పంపినారు. ఒక్క దానిలో సున్నా ఉన్నా మొత్తం తప్పినట్టే లెక్కట.

3. నిబంధన ప్రకారమే ఫలితాలను వర్గాల వారీగా గేటుకు అంటించినారు. అందులో ఒక వరుస: "వినికిడి లోపం గలవారు: 1. ఉత్తీర్ణులు: 0." తమ కార్యాలయానికి వచ్చి మొరపెట్టుకోగా కౌంటర్లో ఉన్నాయన, "పేరెక్కడుందయ్యా అందులో? పేరే లేనప్పుడు నీ కూతురని ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. అయ్యా, ఆ బడి మొత్తానికి వినపడని పిల్ల ఒక్కతే.

4. ఆ సున్నా వలన బడి మొదటి శ్రేణి నుండి రెండో శ్రేణికి దిగినది. మరునాడు గేటు దగ్గర ఇద్దరు తల్లులు మాట్లాడుకుంటున్నారు. రోడ్డుకు ఇవతల బండి మీద ఉన్న నాకు ఒక్క ముక్క వినపడలేదు. వెనక కూర్చున్న అమ్మాయి మొత్తం చదివేసింది. ఇంటికి వచ్చాక నోటు పుస్తకంలో రాసి చూపించింది, పొల్లుపోకుండా: "ఆ ఒక్క పిల్ల వల్లే కదా వదినా, మన పిల్లలందరికీ ఈ ఖర్మ!" "ఇంట్లో కూర్చోబెట్టుకోక బడికి పంపడం దేనికట?" దాని కింద, "ఖర్మ అంటే ఏంటి నాన్నా?" అని రాసింది.

5. ఆనాటి నుండి ఎవరి మొహమూ చూడదు. మొహం చూడకపోతే ఆమెకు మాటే లేదు. వాళ్లమ్మ గడ్డం పట్టుకుని పైకెత్తితే గట్టిగా కళ్లు మూసుకుంటుంది. ఆ కళ్ల ముందు నా భార్య, "నా తల్లివి కదూ, ఒక్కసారి చూడవే" అని గంటసేపు బతిమాలుతుంది. ఎవరికి చెబుతోందో నాకే తెలియదు.

6. తదుపరి వారం ఆమెకు టీసీ జారీ అయినది.

కావున తమరు పెద్ద మనసు చేసుకుని, ఆ సున్నాను కొట్టివేసి గడిని ఖాళీగా ఉంచవలెనని, ఒకరిద్దరు పిల్లలే ఉన్న వరుసలను ఇకపై గోడలకు ఎక్కించరాదని, మా అమ్మాయి బెంచీ ఆమెకు ఇప్పించవలెనని ప్రార్థన. ఈ నాలుగు ముక్కలూ తమరు చిత్తగింతురని ఆశించుచున్న,

తమ విధేయుడు,
పై అమ్మాయి తండ్రి

మరొక్క మాట సార్. ఆరో నంబరులో సగమే రాశాను. టీసీ బడివాళ్లు వాళ్లంతట వాళ్లు ఇవ్వలేదు. హెడ్మాస్టరు గారు దరఖాస్తు నా ముందు పెట్టి, "వచ్చే ఏడూ ఇదే వరుస పడుతుంది. పాపకీ మనశ్శాంతి ఉండదు, మాకూ ఉండదు. ఆలోచించుకో" అన్నారు. బయట వరండాలో పిల్లల తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నుంచి నడిచి పోవాలి కదా. ఆలోచించలేదు సార్, సంతకం పెట్టేశాను. బడే తీసేసిందని అమ్మాయికి నోటు పుస్తకంలో రాసి చూపించాను, నమ్మింది. తమరు జవాబు ఇస్తే ఇంటికి వద్దు, షాపుకు పంపండి. ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ ముందు అదే విప్పి చదువుతుంది.